పదిహేడుసార్లు అమ్ముడుపోయే పుంజు

సున్నపురాళ్ళపల్లె కొత్త కాలనీలో దయామణి ఇల్లు ఏడాదిన్నరగా బోడితలతో నిలబడి ఉంది. పునాది ఉంది, నాలుగు గోడలున్నాయి, ముందు గుమ్మానికి ద్వారబంధం కూడా ఉంది. లేనిదల్లా పైకప్పు. వాన పడితే గదిలో మడుగు కట్టేది. ఎండ కాస్తే బయటికంటే లోపలే ఎక్కువ మాడేది. అయినా దయామణి రోజూ కూలికి పోయేముందు అక్కడికి వెళ్ళి, లోపల చేరిన మేకల్ని తోలి, వాకిలి చిమ్మి, గోడను ఒకసారి చేత్తో తడిమి మరీ పోయేది. కప్పు లేని ఇంటికి వాకిలి చిమ్మడం ఏంటని కాలనీలో నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ. యాభై రెండేళ్ళ జీవితంలో ఆమె పేరుమీద ఉన్న నేల ఆ ఒకటిన్నర సెంటే.

మొగుడు పోయి పదకొండేళ్ళయింది. అప్పటినుంచీ తమ్ముడు పౌలు ఇంటి పంచలో ఒక మంచం, ఒక ట్రంకుపెట్టె, ఒక పొయ్యి, అదీ ఆమె సంసారం. పౌలు మేస్త్రి. కంభం నుంచి గిద్దలూరు దాకా రోడ్డుకు అటూ ఇటూ కనిపించే ఇళ్ళలో సగం అతను కట్టినవే. అంతటి మేస్త్రికి సొంత అక్క ఇంటికి కప్పు వేయడం మాత్రం చేతకాలేదు. తప్పు అతనిది కాదు. సర్కారు ఇల్లంటే ముందు మనం కట్టాలి, తర్వాత వాళ్ళు బిల్లు ఇస్తారు. పునాది వేస్తే పునాది బిల్లు, గోడలు లేపితే గోడల బిల్లు, స్లాబు పోస్తే స్లాబు బిల్లు. ఆకలితో వచ్చినవాడిని ముందు నువ్వు తిని చూపించు, తర్వాత అన్నం పెడతామన్నట్టు ఉంటుంది వ్యవహారం. దయామణి పునాది బిల్లుతో గోడలు లేపింది. గోడల బిల్లు గోడలకే చాల్లేదు. స్లాబు దగ్గరికి వచ్చేసరికి చేతులు ఖాళీ.

జనవరి మొదటివారంలో గ్రామ సచివాలయం నుంచి పావని స్కూటీమీద వచ్చింది. కాలనీ ఇళ్ళన్నీ చూసుకునే ఇంజనీరు పిల్ల ఆమె, మార్కాపురం మనిషి. వయసు పాతికే అయినా ఒక్కో ఇంటి గురించి సొంత ఇంటి గురించి బాధపడినట్టే బాధపడుతుంది. ఆరోజు స్కూటీ స్టాండు కూడా వేయకుండానే చెప్పింది.

"అక్కా, ఫిబ్రవరి ఆఖరుకు స్లాబు పడాల. పడకపోతే నీ పేరు రద్దు లిస్టులోకి పోతాది. నేను పైన ఎంత మొత్తుకున్నా ఇంగ వినరు."

"రద్దంటే ఏంది పాపా? కట్టిన గోడలు పీకేస్తారా?"

"గోడలు పీకరక్కా. బిల్లు ఇంగ రాదు. అంతే."

అంతే అని తేలిగ్గానే అంది గాని, ఆ మాట అన్నాక తల ఎత్తలేకపోయింది. సాయంత్రం పౌలు ఇనుము, కంకర, సెంట్రింగు, కాంక్రీటు కలిపే మిల్లరు అన్నీ వేళ్ళమీద లెక్కేశాడు. తన కూలి తీసేసినా, డ్వాక్రాలో వచ్చేది కలుపుకున్నా, ఇంకో అరవై వేలు ఉంటేగాని స్లాబు లేవదని తేల్చాడు.

ఈ సంగతి దయామణి ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేకపోయింది, పౌలు చెప్పాడు. ఆదివారం ఆరాధన అయిపోయాక పాస్టరుగారు, ఈ ఏడు కోత పండుగ వేలంలో వచ్చేదంతా దయామణమ్మ ఇంటి స్లాబుకు అని ప్రకటించేశారు. దయామణి మొహం కందగడ్డయింది. ఇరవై ఏళ్ళుగా ఆ చర్చిలో ఇచ్చిందేగాని ఎన్నడూ తీసుకున్నది లేదు. బయటికొచ్చి సంఘం పెద్ద శ్యాంసన్‌ను చెప్పుల దగ్గరే పట్టుకుంది.

"నాకొద్దు శ్యాంసనూ. మైకు రిపేరుకు పెట్టుకోండి, ఇంగేదన్నా చేసుకోండి. నన్ను నలుగుర్లో నిలబెట్టొద్దు."

"నా బిడ్డ ఆస్పత్రిలో ఉన్నెప్పుడు నీ గొర్రెపిల్లను పాటకు పెట్టినావు. అప్పుడు నేను వద్దన్న్యానా?" అన్నాడు శ్యాంసన్. "తీసుకునే వంతు వచ్చినప్పుడు తీసుకోవాల అక్కా. ఎప్పుడూ ఇస్తానే ఉంటానంటే అది గూడా ఒక పొగరే."

శ్యాంసన్ కంభం మార్కెట్లో కూరగాయల వేలం అరిచే మనిషి. అతనితో మాటల్లో నెగ్గినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు.

కోత పండుగ వేలం గురించి తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. కొత్త పంట చేతికొచ్చాక ఎవరికి కలిగింది వాళ్ళు చర్చికి తెస్తారు. కందులు, మిరపకాయలు, గుమ్మడికాయ, కోడి, ఏదైనా సరే. అన్నీ బల్లమీద పెట్టి వేలంపాట పెడతారు. గొప్పదనమంతా ఆ తర్వాతే ఉంది. పాడుకున్నవాడు బల్ల దగ్గరికి వచ్చి, ఆ వస్తువును రెండు చేతులా పైకెత్తి అందరికీ చూపించి, డబ్బు కట్టి, "తిరిగి దేవునికే" అని మళ్ళీ బల్లమీదే పెట్టేస్తాడు. మళ్ళీ పాట. ఇంకొకరు పాడుకుంటారు, ఎత్తుతారు, పెట్టేస్తారు. ఇంటికి తీసుకుపోవడమనేది ఉండదు. ముఖ్యంగా పుంజు. పుంజును ఒక్కసారైనా చేతిలో పట్టుకోకపోతే ఆ ఇంటికి పండుగ జరిగినట్టు కాదు. కిందటేడు ఒక్క పుంజు పదిహేడుసార్లు అమ్ముడుపోయింది. మిగతా సరుకంతా కలిపి తెచ్చిన దానికంటే ఆ పుంజు తెచ్చిందే ఎక్కువ.

ఈసారి పుంజు దయామణిదే. తనకోసం జరిగే పాటకు తాను ఏమీ పెట్టకపోతే ఎట్లా అని, రెండేళ్ళుగా పెంచుకున్న ఎర్ర పుంజును కాళ్ళు కట్టి తెచ్చింది. దాన్ని బల్లమీద పెట్టేటప్పుడు చెయ్యి వదలబుద్ధి కాలేదు.

జనవరి ఆఖరు ఆదివారం చర్చి ముందు షామియానా వేశారు. ఊళ్ళో పెద్దలకు కూడా చెప్పారు, ప్రతి ఏడూ చెప్తారు. వాళ్ళూ ప్రతి ఏడూ, వస్తాంలే పోండి అని ఇంట్లోనే ఉండిపోతారు. అలాంటిది ఆరోజు పన్నెండు గంటలకు కొండయ్య స్కూటర్ వచ్చి ఆగింది. కొండయ్యకు అరవై ఎనిమిదేళ్ళు. వాగు పక్క పదెకరాల ఆసామి. దయామణి ముప్పై ఏళ్ళుగా కలుపు తీసేదీ, మిరపకాయలు కోసేదీ అతని చేలోనే. మనిషి చెడ్డవాడు కాదు గాని గొంతు చెడ్డది. గట్టుమీద నిలబడి కేక వేస్తే అవతలి ఊరి కూలీలు కూడా వంగి పనిచేస్తారని ఆడవాళ్ళు చెప్పుకుంటారు. ఆ మనిషి చర్చి గడప దగ్గరికి రావడం ఎవరూ ఎరగరు. శ్యాంసన్ పరుగెత్తి ఒక కుర్చీ వేశాడు. కొండయ్య దాన్ని షామియానా అంచుకు, సగం నీడలో సగం ఎండలో ఉండేలా జరుపుకుని కూర్చున్నాడు.

గుమ్మడికాయతో పాట మొదలైంది. తర్వాత కందులు. అందరి కళ్ళూ పుంజుమీదే ఉన్నాయి. దానికోసమే ఎవరి డబ్బు వాళ్ళు కొంగుల్లో బిగించి పెట్టుకున్నారు. శ్యాంసన్ పుంజును ఎత్తి గొంతు సవరించుకుని, "ఎర్ర పుంజు! దయామణక్క పుంజు! రెండొందలు!" అన్నాడో లేదో, అంచునుంచి ఒక కేక వినిపించింది.

"అయిదు వేలు!"

షామియానా కింద చప్పట్లు మారుమోగాయి. మొదటి పాటే అయిదు వేలంటే, ఇంక ఈ పుంజు ఎక్కడికి పోయి ఆగుతుందో! కొండయ్య లేచొచ్చి డబ్బు బల్లమీద పెట్టాడు. పుంజును తీసుకున్నాడు. పైకెత్తుతాడని అందరూ చూస్తున్నారు. అతను దాన్ని చంకలో పెట్టుకుని, అందరికీ ఒక నమస్కారం పెట్టి, స్కూటర్ ముందు కాళ్ళ దగ్గర పుంజును పడుకోబెట్టి, కిక్కు కొట్టి వెళ్ళిపోయాడు.

శ్యాంసన్ చెయ్యి గాల్లో ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది. పాస్టరుగారు ఏదో అనబోయి నోరు మూసుకున్నారు. ఏమని పిలుస్తారు? డబ్బిచ్చి కొన్న మనిషిని పట్టుకుని, కొన్నదాన్ని ఇచ్చిపో అని ఎవరంటారు? అందులోనూ కొండయ్యను?

తర్వాత పాట సాగింది గాని అందులో పస లేదు. గుమ్మడికాయను ఎంత తిప్పినా అది గుమ్మడికాయే. చివరికి ఒక ముసలామె, పుంజు లేని పండుగ ఏం పండుగ నాయనా అని పైకే అనేసింది. ఆరోజు వచ్చింది కావలసినదానిలో సగానికి కూడా చేరలేదు. దయామణి అందరికీ నవ్వుతూనే వందనాలు చెప్పింది. పంచలోకి వచ్చి ట్రంకుపెట్టెమీద కూర్చున్నాకగాని ఏడవలేదు.

సోమవారం పొద్దున్నే పౌలు, శ్యాంసన్ వచ్చారు. పుంజు బతికుంటే మళ్ళీ ఆదివారం పాట పెట్టొచ్చని వాళ్ళ ఆశ. అడిగేది ఎవరన్నది తేలలేదు. నువ్వు పో అంటే నువ్వు పో అనుకున్నారు. చివరికి ఇద్దరూ దయామణి వైపు చూశారు.

"నీ మాటయితే వింటాడక్కా" అన్నాడు శ్యాంసన్.

"ముప్పై ఏండ్లలో ఆయన మాట నేను ఇనడమేగాని, నా మాట ఆయన ఎప్పుడు ఇన్న్యాడు?" అంది దయామణి. అని, కొంగు దులుపుకుని బయల్దేరింది.

కొండయ్య ఇంటి ముందు అలవాటైన చోటే, కొట్టం పక్కనే ఆగింది. అక్కడ ఎరువు దిబ్బలో ఎర్రటి ఈకలు కనిపించాయి. బోరింగు దగ్గర కూర వండిన సట్టి తోముతున్న కృష్ణవేణమ్మ తలెత్తి చూసింది. కొండయ్య భార్య. ఆయనకు గొంతు ఎంత ఉందో ఆమెకు నిదానం అంత ఉంది.

"రా దయామణీ. ఏం మేపినావు తల్లీ ఆ పుంజును! కూర ఎంత రుచిగా ఉండిందో. ఆయనైతే రెండుసార్లు పెట్టించుకున్న్యాడు."

"అవునా వదినా" అంది దయామణి. "ఊరికే ఇట్ల వచ్చినా. పోయొస్తా."

వెనక్కి తిరిగేసరికి కొండయ్య వసారాలోకి వచ్చాడు.

"ఏందమ్మే, వచ్చిందెందుకు, పోయేదెందుకు? ఆ మొగమేంది అట్ల పెట్టినావు? డబ్బు చాలిందా స్లాబుకు?"

ఆ ప్రశ్న వినగానే దయామణికి ఎక్కడలేని నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ నీళ్ళు ఆగలేదు. కృష్ణవేణమ్మ సట్టి వదిలేసి లేచింది. ఇక దాచి లాభం లేదని దయామణి ఉన్నదున్నట్టు చెప్పేసింది. పుంజును పైకెత్తడం, తిరిగి పెట్టేయడం, ఇంటింటివాళ్ళూ వరసగా పట్టుకోవడం అన్నీ చెప్పింది. కొండయ్య మొహం మెల్లమెల్లగా మారిపోయింది.

"అంటే అది ఇంటికి తెచ్చుకునేది గాదా?"

"గాదన్నా."

"ఎన్నిసార్లు అమ్ముతారు ఒక పుంజును?"

"పోయినేడు పదిహేడు సార్లు."

కొండయ్య అరుగుమీద కూలబడ్డాడు. "అంటే నేను నిన్న పదిహేడు పుంజుల్ని తిన్న్యానా?"

కృష్ణవేణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకోవడానికే. కొండయ్య నవ్వలేదు. నేల చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు.

"వదిలేసి రావాలనే అనుకున్న్యా మొదట. డబ్బిచ్చి ఊరికే వచ్చేద్దామని. మళ్ళా ఏమనిపించిందంటే, కొని ఆడనే వదిలేసి పోతే, చూడు, మన చేతి వస్తువు ఇంటికి తీసుకపోలేక వదిలేసినాడు అనుకుంటారేమోనని. అట్ల ఎవరూ అనుకోగూడదని చంకలో పెట్టుకొని వచ్చినా. మా సట్టిలోనే వండమన్న్యా."

దయామణి ఏడుపు ఆగిపోయింది. ఈ మనిషి పుంజును తీసుకుపోయింది తెలియక అనుకుంది, ఆశకొద్దీ కూడా అనుకుంది. మర్యాద చేద్దామని తీసుకుపోయి ఉంటాడని కలలో కూడా అనుకోలేదు. అతని మీద కోపం ఉందనుకున్న చోట వెతికితే ఏమీ దొరకలేదు. పాపం అనిపించింది.

"ఎంత తక్కువైందో చెప్పు. నేనిస్తా" అన్నాడు కొండయ్య లేస్తూ.

"వద్దన్నా."

"ఎందుకొద్దు? తిన్నది నేనే గదా?"

"నువ్వొక్కడివే ఇస్తే అది కొండన్న కట్టిచ్చిన ఇల్లయితాది" అంది దయామణి. ఇంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు. "రేపు మోకాళ్ళు నొచ్చి నేను చేనుకు రాకుంటే, దానికి కప్పేసింది నేనే గదా అనుకుంటావు. నువ్వనుకోకపోయినా నేననుకుంటా. అదే నలభై మంది పుంజును పట్టుకొని తలా ఇంత వేస్తే, అది ఎవ్వరి దయా గాదు. రేపు వాళ్ళ ఇంటికి నేనేస్తా."

కొండయ్య మొహం చిన్నబోయింది. "నేనట్ల అనే మనిషినా?" అన్నాడు.

"అంటావు" అంది కృష్ణవేణమ్మ నిదానంగా. "మీ తమ్మునికి బోరు వేయించిన సంగతి ఇప్పటికి పదేండ్ల నుంచి అంటానే ఉండావు."

కొండయ్య కొట్టంలో ఎద్దుకేసి చూశాడు, బోరింగుకేసి చూశాడు. చివరికి అడిగాడు.

"బల్లమీద పెట్టడానికి పుంజూ లేక, కాయా లేక, ఏం లేనోళ్ళు ఏం పెడతారు మీ చర్చిలో?"

"ఒకరోజు పని పెడతారు. పాడుకున్నోళ్ళకు ఆరోజు వచ్చి ఊరికే పనిచేసి పోతారు."

కొండయ్య తలూపి లోపలికి వెళ్ళిపోయాడు. దయామణి వచ్చిన దారినే తిరిగొచ్చింది. పుంజు అయిపోయిందని చెప్తే పౌలు తల పట్టుకున్నాడు. ఫిబ్రవరి వచ్చేసింది. ఆ వారమంతా దయామణి వాకిలి చిమ్మడానికి వెళ్ళింది గాని గోడను తడమలేదు.

మళ్ళీ ఆదివారం ఆరాధన సగంలో ఉండగా చర్చి వెనక తలుపు దగ్గర అలికిడయింది. కొండయ్య, వెనకే కృష్ణవేణమ్మ. చెప్పులు బయట విడిచి, ఆఖరి చాపమీద కూర్చున్నారు. వాక్యం అయ్యేదాకా కొండయ్య కదల్లేదు, దగ్గలేదు. ఆశీర్వాదం అయిపోయి జనం లేవబోతుంటే అతను ముందుకు నడిచి, బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"శ్యాంసనూ, మీ పుంజును నేను తిన్న్యా. తెలీక తిన్న్యా. దాని బదులు నేనొచ్చినా. నా ఒకరోజు పనిని పాటకు పెట్టు."

శ్యాంసన్ పాస్టరుగారిని చూశాడు, పాస్టరుగారు దయామణిని చూశారు, దయామణి తల వంచుకుంది. ముందు తేరుకున్నది శ్యాంసనే. వేలం గొంతు వేలం గొంతే కదా.

"కొండయ్యన్న ఒకరోజు పని! వయసు అరవై ఎనిమిది, పళ్ళు గట్టివి, గొంతు ఇంగా గట్టిది! పాట రెండొందలు!"

ఎవరూ పాడలేదు. అతని చేలో వంగి పనిచేసిన ఆడవాళ్ళే అందరూ. నవ్వొస్తోంది, భయమేస్తోంది. వెనకనుంచి కృష్ణవేణమ్మ లేచింది.

"అయిదొందలు. నలభై నాలుగేండ్లయింది పెండ్లయి, ఒక్కరోజు బిందె ఎత్తలేదు ఈ మనిషి. డబ్బిచ్చయినా చేయించుకుంటా."

అంతే, కట్ట తెగింది. నవ్వులో ఆరొందలు, ఏడొందలు, వెయ్యి. వెయ్యికి పాడుకున్న ఏసమ్మ, డెబ్భై ఏళ్ళ మనిషి, కర్ర పొడుచుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది. పాడుకున్నదాన్ని పైకెత్తి చూపించాలి కదా. కొండయ్యను ఎత్తేదెట్లా? ఆమె కాసేపు తటపటాయించి, కర్ర చంకలో పెట్టుకుని, కొండయ్య కుడిచేతిని తన రెండు చేతులతో పట్టుకుని పైకెత్తింది. ఆమె ఎత్తు అతని భుజం దాకా కూడా రాదు. కొండయ్య కొంచెం వంగాడు.

"తిరిగి దేవునికే" అంది ఏసమ్మ.

ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. "మా మిరపచేన్లో కలుపు తీయల్ల, నడుం ఎత్తగూడదు" అని ఒకామె. "గట్టుమీద నేను నిలబడి కేకలేస్తా" అని ఇంకొకామె. పాడుకున్న ప్రతి మనిషీ వచ్చి ఆ చేతిని పట్టుకుని ఎత్తి, మళ్ళీ వదిలేశారు. ఆ చేతినుంచి వాళ్ళంతా కూలి డబ్బులు అందుకున్నవాళ్ళే. చేతిలో వేసేటప్పుడు కూడా అది కొంచెం ఎత్తునే ఆగేది, తగిలేది కాదు. దయామణి లెక్కపెట్టలేదు గాని, కొండయ్య మొహంలో మొదటున్న బిగువు సడలిపోవడం, అయిదారుగురు అయ్యాక అతను చెయ్యి ముందే చాపి నిలబడటం చూసింది. చూడలేక మళ్ళీ తల వంచుకుంది. ఆ మనిషి తనకోసం అలా నిలబడ్డాడు. అది చూస్తే బాధో సంతోషమో తేలలేదు, రెండూ కావచ్చు.

చివరిపాట పౌలుది. అతను చెయ్యి ఎత్తాడు గాని, తిరిగి దేవునికే అనలేదు.

"ఈ పాట నేను తీసుకపోతాండా. స్లాబు రోజు నాకొక మనిషి తక్కువైనాడు. కొండయ్యన్నా, బుధవారం పొద్దున ఆరుకు రావాల."

స్లాబుకు కావలసింది ఆరోజుకు సరిపోయింది.

బుధవారం కొండయ్య ఆరుకు అయిదు నిమిషాల ముందే వచ్చాడు, తలకు తుండుగుడ్డ చుట్టుకుని. మిల్లరు తిరగడం మొదలయ్యాక మనిషికీ మనిషికీ మధ్య మాటలుండవు. తట్ట అందుకోవాలి, పైవాడికి అందించాలి. పౌలు అతణ్ణి నిచ్చెన మొదట్లో, దయామణికీ ఇంకొకామెకూ మధ్య నిలబెట్టాడు. గంట గడిచేసరికి కొండయ్య లుంగీ తడిసి ఒంటికి అతుక్కుంది. పైనుంచి పౌలు, "ఏందన్నా అంత మెల్లగా, సిమెంటు మాలు గట్టిపడతాంది!" అని కేకేశాడు. దయామణికి పై ప్రాణాలు పైనే పోయాయి. కొండయ్య మాత్రం, "వచ్చె, వచ్చె!" అంటూ తట్ట అందుకున్నాడు. ఆ మాట అచ్చం అతని చేలో కూలీలు అన్నట్టే అన్నాడు.

పదకొండు గంటలకు దయామణి చెంబులో నీళ్ళు తెచ్చి వరసగా అందరికీ ఇచ్చింది. కొండయ్య దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. అతని కోసం విడిగా గ్లాసేదీ తేలేదు, తేవాలని కూడా తోచలేదు. అతను ఆమె చేతిలోంచి చెంబు లాక్కుని, గొంతు నిండా తాగి, మిగిలిన నీళ్ళు నెత్తిన పోసుకున్నాడు.

"ముప్పై ఏండ్లు ఈ పని చేయించినా గాని, చేస్తే ఇట్ల ఉంటాదని తెలీదు" అన్నాడు రొప్పుతూ.

"రేపు ఒళ్ళునొప్పులకు వేణ్ణీళ్ళు పోసుకో అన్నా" అంది దయామణి.

మూడు గంటలకు స్లాబు ముగిసింది. పౌలు పైనే మోకాళ్ళమీద కూర్చుని తాపీతో చదును చేస్తున్నాడు. కింద అందరూ ఎక్కడివాళ్ళక్కడ చతికిలబడ్డారు. పావని స్కూటీ వచ్చింది. దిగీదిగగానే పైకి చూసి, చప్పట్లు కొట్టి, ఫోన్ తీసింది.

"స్లాబు ఫొటో ఎక్కించాలక్కా. ఇప్పుడే పంపిస్తా. ఇంటి ముందు నిలబడు. లబ్ధిదారు ఒక్కరే ఉండాల ఫొటోలో, ఇంగొక మనిషి పడితే తీసుకోదు."

ఇంటి ముందు, సరిగ్గా గుమ్మం నడిమధ్యన కొండయ్య నిలబడి ఉన్నాడు. ద్వారబంధానికి ఆనుకుని, కళ్ళు మూసుకుని, ఒంటినిండా సిమెంటు మరకలతో. అందరూ అతన్ని చూశారు. జరగమనడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. పావనికి ఆ మనిషి ఎవరో తెలుసు, ఆమె కూడా ఫోన్ పట్టుకుని ఊరుకుంది.

చేని గట్లమీద అతను ఎదురొస్తే దయామణే ముళ్ళలోకి దిగి నిలబడేది. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా వేరే విధంగా జరగలేదు. ఇప్పుడు ఆమె కొంగు సర్దుకుని గుమ్మం వైపు నడిచింది.

"కొండన్నా, కొంచెం పక్కకు జరుగు."

కొండయ్య కళ్ళు తెరిచాడు. ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత గబుక్కున కదిలి, అయ్యో అంటూ ఇసుకకుప్ప అవతలికి పోయాడు. దయామణి వచ్చి నిలబడింది. అలవాటు కొద్దీ గోడ మూలకు, సగం ఒళ్ళు బయటికి ఉండేట్టు నిలబడింది.

"మూలకు నిలబడతావేందమ్మే" అని కేకేశాడు కొండయ్య, చేలో వేసే కేకే. "మధ్యలోకి రా. ఇల్లు నీదే గదా!"

దయామణి రెండడుగులు పక్కకు వేసి, గుమ్మానికి నడిమధ్యన నిలబడింది. పైనుంచి సిమెంటు నీళ్ళు చుక్కలు చుక్కలుగా ఆమె నెత్తిమీద పడుతున్నాయి. తుడుచుకోలేదు. పావని ఫొటో తీసుకుంది.